క్యాజువల్ లీవు, క్యాజువల్ లేబరు, క్యాజువల్ బట్టలు

క్యాజువల్ అనే మాటకి తెలుగులో సరైన మాట లేదు. వెతుక్కోవాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే అది ఎప్పుడో మన మాట అయిపోయింది. మన ఇళ్ళలోకి మొదట రెండు దారుల్లో వచ్చింది. ఒకటి క్యాజువల్ లీవు. సర్కారు కొలువులో ఉన్న నాన్నగారు డిసెంబరు నెలలో "ఇంకా మూడు సీయెల్లు మిగిలిపోయాయే" అని లెక్క చూసుకునేవారే, ఆ సెలవు. రెండోది క్యాజువల్ లేబరు. ఇవాళ పనికి పిలిచి, రేపు రావద్దని చెప్పడానికి వీలైన మనిషి. మాట ఒకటే. ఒకరికి అది దక్కిన హక్కు, మరొకరికి ఏ హక్కూ లేదని చెప్పే చీటీ.

మూడోది క్యాజువల్ బట్టలు. అది చాలా తరవాత వచ్చింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నది దాని గురించే. మన ప్రవాసుల్లో ఈ క్యాజువల్ బట్టల సౌఖ్యం క్యాజువల్ లీవు ఉన్నవాళ్ళకే పరిమితమైపోయింది, క్యాజువల్ లేబరుకి అందలేదు. "ఇష్టమొచ్చినట్టు రండి" అన్నప్పుడు ఎవరి ఇష్టం అని అడగడం మనం మరిచిపోయాం.

నేను రియాద్‌లోని మలాజ్‌లో ఉంటాను. ఇరవై ఏళ్ళు దాటింది. 1950లలో ప్రభుత్వ శాఖలు రియాద్‌కి తరలివచ్చినప్పుడు ఉద్యోగుల కోసం గళ్ళు గీసినట్టు నిలువూ అడ్డం వీధులతో కట్టిన పేట ఇది. ఆ రోజుల్లో దీన్ని కొత్త రియాద్ అనేవారట. ఇప్పుడు కొత్తదనమేమీ లేదు. ఆ ఉద్యోగుల పిల్లలు ఉత్తరాన కట్టిన ఇంకా కొత్త పేటలకి వెళ్ళిపోయారు, వాళ్ళు వదిలిన ఇళ్ళలోకీ ఫ్లాట్లలోకీ మనలాంటివాళ్ళం వచ్చి చేరాం. ఒకే వీధిలో ఇంజనీర్ల కుటుంబాలుంటాయి, నర్సులుంటారు, గదికి ఆరుగురు చొప్పున బ్యాచిలర్లుంటారు. గురువారం సాయంత్రం సిత్తీన్ వీధిలో నిలబడితే ఎవరేం వేసుకుంటారో, ఎందుకు వేసుకుంటారో చాలా తెలుస్తుంది.

ఆ మధ్య మా తెలుగు సంఘాల్లో ఒకటి ఉగాదికి ఆహ్వానం పంపింది. ఊరి బయట ఇస్తిరాహాలో భోజనాలు, పంచాంగ శ్రవణం, పిల్లల నాట్యాలు. అంతా బాగానే ఉంది. కింద డ్రెస్ కోడ్ అని ఒక పెట్టె కట్టి ఉంది. పురుషులు: స్మార్ట్ క్యాజువల్. మహిళలు: పట్టుచీరలు, ఆకుపచ్చ లేదా పసుపు. లుంగీలు, షార్టులు, నైటీలు, కంపెనీ యూనిఫారాలతో వచ్చినవారు లోనికి అనుమతించబడరు.

ఒక్కసారి ఈ పెట్టెని నిదానంగా చదవండి. మగవాళ్ళలో ఆఫీసు వాళ్ళకి సుఖం. ఆడవాళ్ళకి వేషం. ఆఖరి వరసలో ఉన్నవి ఎవరి బట్టలు? షార్టులూ నైటీలూ కాసేపు పక్కన పెట్టండి. లుంగీ ఎవరిది? కంపెనీ యూనిఫారం ఎవరిది? ఖర్జ్ రోడ్డు మీద సనయ్యలో, క్యాంపుల్లో ఉండే జగిత్యాల, నిర్మల్, కామారెడ్డి, కడప పిల్లలవి. వాళ్ళు రాకూడదని ఎవరూ రాయలేదు. వాళ్ళ బట్టలు రాకూడదని రాశారు. మర్యాద తెలిసినవాళ్ళు కదా, మనుషుల పేర్లు ఎత్తరు.

స్మార్ట్ క్యాజువల్ అంటే ఏమిటో ఇప్పటికీ నాకు ఎవరూ అర్థమయ్యేట్టు చెప్పలేదు. మా వారిని అడిగితే "కాలర్ ఉన్న టీషర్టు, నలగని ప్యాంటు, చెప్పులు కాకుండా బూట్లు" అన్నారు. "మరి దీంట్లో క్యాజువల్ ఎక్కడుంది?" అంటే "టై లేదు కదా" అన్నారు. ఆయన ఆఫీసులో వారానికోసారి క్యాజువల్ డే ఉంది. అమెరికాలో అది శుక్రవారం. ఇక్కడ శుక్రవారం సెలవు కాబట్టి గురువారం చేశారు. 2013 జూన్ దాకా గురు, శుక్రవారాలు సెలవులు. ఆ నెలలో రాజాజ్ఞతో శుక్ర, శనివారాలకి మారాయి. దాంతో వారంలో చివరి పనిరోజు బుధవారం నుంచి గురువారానికి జరిగింది. స్వేచ్ఛ కూడా క్యాలెండరు చూసుకుని వస్తుందన్నమాట. ఆ గురువారం నాడు మేనేజరు జీన్సు వేసుకువస్తాడు, అకౌంటెంటు టీషర్టు వేసుకువస్తాడు. టీ తెచ్చే కుర్రాడు మాత్రం ఆ రోజు కూడా కంపెనీ ఇచ్చిన చొక్కాలోనే టీ తెస్తాడు.

ఈ క్యాజువల్ శుక్రవారం కథ కూడా వినదగ్గది. హవాయిలో బట్టల తయారీదారుల సంఘం 1962లో శాసనసభ్యులందరికీ తలా రెండు పూల చొక్కాలు పంచింది, ఎండాకాలంలో అవే వేసుకోమని. 1966కి అది శుక్రవారపు ఆనవాయితీ అయింది. చొక్కాలు అమ్ముడుపోయాయి. తరవాత 1992లో లీవైస్ కంపెనీ ఆఫీసులో క్యాజువల్‌గా ఉండడం ఎలాగో బొమ్మలతో ఒక చిన్న పుస్తకం వేసి, అమెరికాలో పాతికవేల మంది పర్సనల్ మేనేజర్లకి పంపింది. దాని డాకర్స్ ఖాకీ ప్యాంట్లూ అమ్ముడుపోయాయి. ఇష్టమొచ్చినట్టు వేసుకోవడానికి పుస్తకం ఎందుకండీ? పుస్తకం చూసి వేసుకుంటే అది మళ్ళీ యూనిఫారమే. కాకపోతే ఈ యూనిఫారం మన డబ్బులతో మనమే కొనుక్కుంటాం.

అసలు జీన్సు ఎవరి బట్ట? నెవాడాలోని రీనోలో జేకబ్ డేవిస్ అనే దర్జీ, కూలివాళ్ళ ప్యాంట్లు జేబుల దగ్గర ఊరికే చిరిగిపోతున్నాయని రాగి రివెట్లు కొట్టాడు. లీవై స్ట్రాస్‌తో కలిసి 1873లో పేటెంటు తీసుకున్నాడు. గనుల్లో, రైలు దారుల్లో చెమటోడ్చిన వాళ్ళ బట్ట అది. నూట యాభై ఏళ్ళు గడిచేసరికి కుర్చీలో కూర్చునేవాళ్ళ స్వేచ్ఛకి గుర్తు అయింది. అయితే మంచిదే, నాకు జీన్సు మీద కోపం లేదు. అక్కడి కూలివాడి ప్యాంటు ఇస్తిరాహా లోపలికి రావచ్చు గానీ మన కూలివాడి లుంగీ గేటు దగ్గర ఆగిపోవాలా? ఇదీ నా ప్రశ్న.

ఇది నోటి మాటగా అనడం లేదు. ఆ ఉగాది రోజున ఇస్తిరాహా వెనక వంటలు చేసినవాళ్ళు నలుగురు. తెల్లవారుజాము నుంచీ పొయ్యిల దగ్గర ఉన్నారు. పులిహోర, బొబ్బట్లు, రెండు కూరలు, ఇంత పెద్ద గంగాళంలో ఉగాది పచ్చడి. పొయ్యి సెగకి ప్యాంటు వేసుకుని ఎవరు నిలబడగలరు? గళ్ళ లుంగీలు ఎగ్గట్టుకుని పని చేశారు. పంచాంగ శ్రవణం మొదలయ్యాక ఇద్దరు లోపలికి వచ్చి వెనక నిలబడబోయారు. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడొకడు వెళ్ళి మెల్లగా చెప్పి బయటికి పంపేశాడు. నేను లేచి వెళ్ళి అడిగాను. కమిటీ పెద్దమనిషి ఒకాయన, నన్ను పదేళ్ళుగా ఎరిగినవాడే, "వదినగారూ, అందరికీ ఒకటే రూలండి. ఫొటోలు తీస్తున్నారు, మన కమ్యూనిటీ పరువు కదా" అన్నాడు. అప్పటికే ఆయన చేతిలో పచ్చడి గ్లాసు ఉంది. చింతపండు పిసికిన చేతులకి లేని అభ్యంతరం లుంగీకి వచ్చింది.

బయటికి వెళ్ళి వాళ్ళతో మాట్లాడితే పెద్దాయన నవ్వి, "ఏం గాదక్కా, మాకు అలవాటే. మేం ఈడ్నే తింటం, మీరు లోపటికి పోండ్రి" అన్నాడు. ఆ అలవాటే అన్న మాట దగ్గర నా తగువు మొదలైంది. ఇంటికి వచ్చాక సంఘం వాళ్ళకి రాసిన ఉత్తరమే పెరిగి ఈ వ్యాసమైంది.

సంఘం వాళ్ళు నాకు చెప్పిన జవాబులు మూడు.

మొదటిది, "సౌదీవాళ్ళు చూస్తే ఏమనుకుంటారు?" ఏమనుకుంటారో నేను చెబుతాను. ఈ దేశంలోనే నైరుతి మూలన జీజాన్ ప్రాంతం ఉంది. అక్కడి మగవాళ్ళ పాత కట్టు నడుముకి చుట్టుకునే ఫూతా. మన లుంగీకి తోబుట్టువు. జీజాన్ మనిషి ఎవరైనా ఆ వంటవాళ్ళని చూస్తే వాళ్ళ తాత గుర్తొస్తాడు తప్ప పరువు గుర్తు రాదు. హైదరాబాదులో బార్కస్ చూసినవాళ్ళకి ఇంకా బాగా తెలుస్తుంది. నిజాం సైన్యంలో పనిచేయడానికి హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు బారకాసుల్లో ఉండేవారు, ఆ బారకాసుల పేరే బార్కస్ అయింది. వాళ్ళ మనవలు ఇవాళ్టికీ లుంగీల్లో దర్జాగా వీధుల్లో తిరుగుతారు. అరబ్బు లుంగీ కడితే దర్జా, ఆదిలాబాద్ మనిషి కడితే అవమానమా?

అటునుంచి ఇటు వచ్చింది ఇదైతే, ఇటునుంచి అటు వెళ్ళినదీ ఉంది. చీరాల నేతగాళ్ళు ఆముదం కాయల బూడిదా, నూనే కలిపి నూలుకి పట్టించి, ఎరుపూ నలుపుల్లో నేసిన తేలియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకి వెళ్ళేవి. నూనె పట్టిన ఆ నూలు ఎండలో తలకి చల్లగా ఉంటుందని తలపాగాలుగా చుట్టుకునేవారు. నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో ఆ విద్య ఇప్పటికీ బతికి ఉంది; 2020లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన సాలెవాళ్ళ బట్ట ఇక్కడివాళ్ళ తలమీద కూర్చుంది. మనమేమో మన బట్టని చూసి తల దించుకుంటున్నాం.

రెండో జవాబు, "సంప్రదాయం నిలబెట్టాలి, పిల్లలకి తెలియాలి." సరే. మరి పురుషులకి పట్టుపంచె అని ఎందుకు రాయలేదు? సంప్రదాయం మోసే పని ఆడవాళ్ళకీ, సుఖంగా కూర్చునే పని మగవాళ్ళకీ ఎవరు పంచారు? ఒక గుడికి ఒక పద్ధతి ఉంటే నాకు పేచీ లేదు. తిరుమలలో సేవకి వెళ్ళేటప్పుడు పంచె కట్టుకోమంటే ఆడా మగా ఇద్దరికీ నియమం ఉంది, అది దేవుడి ముందు నిలబడే చోటు. ఉగాది భోజనాల పందిరి గుడి కాదు. అక్కడికి నాలుగేళ్ళ పిల్లని ఎత్తుకుని, డైపర్ల సంచీ మోసుకుని వచ్చే అమ్మాయి కాటన్ చుడీదారులో వస్తే ఏ సంప్రదాయం కూలిపోతుంది?

పోనీ, పంచె విషయమే చూద్దాం. 2014 జులైలో చెన్నైలో హైకోర్టు జడ్జిగారు ఒకాయన పంచె కట్టుకుని ఒక సభకి వెళితే, చేపాక్ క్రికెట్ సంఘం క్లబ్బులోకి రానివ్వలేదు. తెల్లదొరల కాలం నాటి రూలు. రాష్ట్రమంతా గగ్గోలు పుట్టింది. నెల తిరిగేసరికి తమిళనాడు ప్రభుత్వం, పంచె కట్టారని ఎవరినీ ఆపకూడదని చట్టమే చేసింది. అప్పుడు మనవాళ్ళు కూడా ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. కానీ ఆ చట్టం వచ్చింది జడ్జిగారి పంచె కోసం. వంటవాడి లుంగీని ఆపితే గగ్గోలు పుట్టదు, "అలవాటే" అన్న నవ్వు పుడుతుంది.

మూడో జవాబు చాలా తెలివైనది. "మేడమ్, ఇరవై ఏళ్ళు అబాయా వేసుకున్నప్పుడు మాట్లాడలేదు గానీ మా డ్రెస్ కోడ్ మీద మాట్లాడతారా?" మాట్లాడకపోవడమేమిటి, దాని గురించి చాలా చెప్పగలను. నేను పదకొండేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను. బడి నియమం చీర. వీధి నియమం అబాయా. జూన్‌లో నలభై అయిదు డిగ్రీల ఎండలో లంగా మీద చీర, చీర మీద నల్లటి అబాయా. కుచ్చిళ్ళు కాళ్ళకి అడ్డం పడుతూ వ్యాను ఎక్కడం. రెండు దేశాల మర్యాదలూ ఒకేసారి నా ఒంటిమీదే కూర్చునేవి. మా వారికి రెండూ లేవు.

ఒక ఉపకారం మాత్రం ఒప్పుకోవాలి. పొద్దున్నే పిల్లల్ని బడి వ్యాను ఎక్కించడానికి నైటీ మీద అబాయా తగిలించుకుని మెట్లు దిగిన తెలుగు ఆడవాళ్ళు మలాజ్‌లో ఎంతమందో లెక్కలేదు. మన ఊళ్ళో నైటీ మీద తువ్వాలు వేసుకుని వీధి చివర కూరగాయలు కొనడం లాంటిదే. అంతమాత్రాన బలవంతం బలవంతం కాకుండా పోదు. ముతవ్వాల భయంతో తల మీద కొంగు సర్దుకున్న రోజులు నాకు బాగా తెలుసు. 2016 ఏప్రిల్లో వాళ్ళకి పట్టుకునే అధికారం తీసేశారు. 2018 మార్చిలో యువరాజు అమెరికా టీవీలో, నల్ల అబాయాయే వేసుకోవాలని చట్టంలో లేదు, మర్యాదైన బట్ట ఏదో ఆడవాళ్ళే తేల్చుకుంటారు అన్నాడు. అయినా అన్నీ ఒక్కసారి మారిపోలేదు. ఆ నవంబరులో కొందరు సౌదీ ఆడవాళ్ళు అబాయాలు తిరగేసి వేసుకుని నిరసన చెప్పారు. 2019 సెప్టెంబరులో టూరిస్టు వీసాలు ఇచ్చినప్పుడు విదేశీ ఆడవాళ్ళకి అబాయా తప్పనిసరి కాదని ప్రకటించారు. అదే సమయంలో బహిరంగ మర్యాదల జాబితా ఒకటి వేశారు. అందులో రాత్రి బట్టలతో వీధిలోకి వస్తే వంద రియాళ్ళు జరిమానా. 2021లో మసీదుల్లో, ప్రభుత్వ కార్యాలయాల్లో షార్టులు వేసుకుంటే 250 నుంచి 500 రియాళ్ళు అని చేర్చారు.

ఆ జాబితా నాకు నచ్చిందా అంటే, అన్నీ నచ్చలేదు. కానీ అది జాబితా. ఏ తప్పుకి ఎంతో రాసి ఉంది. షార్టులు ఎక్కడ కూడదో చెప్పారు కాబట్టి మిగతా చోట్ల మాట వేరని అర్థమవుతుంది. మన ఇస్తిరాహా గేటు దగ్గర అలాంటిదేమీ లేదు. బ్యాడ్జీ పెట్టుకున్న కుర్రాడి కంటికి ఏది నచ్చకపోతే అది తప్పు. ఆశ్చర్యమేమిటంటే వీధిలో పట్టు సడలిన కొద్దీ మన గుంపుల్లో పట్టు బిగిసింది. 2019లోనే హైదరాబాద్ బేగంపేటలో సెయింట్ ఫ్రాన్సిస్ మహిళా కళాశాలలో కుర్తీ మోకాళ్ళ కిందికి ఉండాలని నియమం పెడితే, అమ్మాయిలు రోడ్డెక్కి దాన్ని వెనక్కి తీయించారు. ఆ ఫొటోలు మా సంఘం గుంపులో "శభాష్ తల్లీ" అంటూ తిరిగాయి. శభాష్ అన్న ఆ వేళ్ళే తరవాత "ఆకుపచ్చ లేదా పసుపు" అని టైపు చేశాయి.

ఇంకొకరు, "2024లో సౌదీ ప్రభుత్వమే తమ మగ ఉద్యోగుల్ని తోబూ, గుత్రా వేసుకునే ఆఫీసుకి రమ్మంది, చూశారా" అన్నారు. చూశాను. వాళ్ళ ఉద్యోగులు, వాళ్ళ ఆఫీసు, పనివేళలు. మనది పండగ. పైగా ఆ తెల్ల తోబు దూరం నుంచి చూస్తే అధికారికీ గుమాస్తాకీ ఒకేలా ఉంటుంది. మన స్మార్ట్ క్యాజువల్ పని దానికి సరిగ్గా వ్యతిరేకం. జేబు మీద చిన్న గుర్రం బొమ్మ ఉందా లేదా అని చూసి మనిషిని తూకం వేయడానికే అది పుట్టింది.

అసలు సంగతి ఇంకొకటి ఉంది. సంఘం పెద్దలు ఎప్పుడైనా శుక్రవారం బత్తాకి వెళ్ళి చూశారా? వారమంతా వీపు మీద కంపెనీ పేరున్న కవరాల్‌లో ఎండకి ఉడికినవాళ్ళు ఆ రోజు ఎలా తయారై వస్తారో? ఇస్త్రీ చేసిన ఫుల్ హ్యాండ్స్ చొక్కా, టక్ చేసిన ప్యాంటు, నున్నగా దువ్విన తల, అత్తరు. వీపు మీద పేరు లేని చొక్కా వేసుకోవడమే వాళ్ళకి స్వేచ్ఛ. వారమంతా టై కట్టుకున్నవాడికి టై విప్పడం విడుదల. వారమంతా కవరాల్ వేసుకున్నవాడికి చొక్కా టక్ చేయడం విడుదల. గదిలో ఉన్నప్పుడూ, పొయ్యి దగ్గర ఉన్నప్పుడూ లుంగీ. ఎక్కడ ఏది కట్టాలో వాళ్ళకి మనకంటే బాగా తెలుసు. డ్యూటీ దిగి నేరుగా బస్సెక్కితే తప్ప యూనిఫారంలో పండక్కి ఎవడూ రాడు. అలా నేరుగా వచ్చాడంటే ఆ మనిషికి పండగ మీద ఎంత మనసుందో ఆలోచించండి. వాణ్ణి గేటు దగ్గర ఆపి, లోపల పిల్లలకి తెలుగు సంస్కృతి మీద ఉపన్యాసం ఇస్తున్నాం.

నేను అడుగుతున్నది పెద్ద కోరిక కాదు. అందరూ లుంగీల్లో రావాలనీ, పట్టుచీరలు మానేయాలనీ అనడం లేదు. నా బీరువాలో ఉన్న గద్వాల చీర నాకెంత ఇష్టమో నాకు తెలుసు, కట్టుకోవాలనిపించిన రోజున కట్టుకుంటాను. రంగు మాత్రం నేను చూసుకుంటాను. జీన్సు అమ్మాయి జీన్సులో, పంచె తాతగారు పంచెలో, సూటు డాక్టరుగారు సూటులో, సనయ్య నుంచి వచ్చిన పిల్లవాడు డ్యూటీ చొక్కాలో ఒకే బంతిలో కూర్చుంటే ఫొటో ఎలా వస్తుందో ఒకసారి తీసి చూడండి. రియాద్‌లో తెలుగువాళ్ళు ఎవరెవరో ఆ ఫొటోలో కనబడతారు. ఇప్పుడు మీరు తీస్తున్న ఫొటోల్లో సగం మంది కనబడరు.

కాబట్టి వచ్చే ఉగాది ఆహ్వానంలో ఆ డ్రెస్ కోడ్ పెట్టె తీసేయండి. ఖాళీ అయిన చోట సనయ్య నుంచి బస్సు ఎన్ని గంటలకి బయల్దేరుతుందో, తిరిగి ఎన్నింటికి క్యాంపు దగ్గర దింపుతుందో రాయండి. వాళ్ళకి కావలసిన సమాచారం అది. ఏం కట్టుకోవాలో వాళ్ళు చూసుకుంటారు.